పేరు కోసేసిన పాట

ఉదయగిరి బస్టాండు ఎదురుగా, టీ అంగడికీ ఎరువుల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గదిలో కూర్చుని సామ్యేలు సెల్‌ఫోన్లకు గ్లాసులు అతికిస్తుంటాడు. పైన బోర్డు మీద మాత్రం ఇంకా ‘షైనీ ఆడియో, సీడీ సెంటర్’ అనే ఉంది. షైనీ అతని కూతురు, నెల్లూరులో నర్సు. "బోర్డు మార్పించు నాయనా, జనం నవ్వుతుండారు" అని ఆ పిల్ల వచ్చినప్పుడల్లా పోరుతుంది. మార్పించి ఏం రాయించాలి? రీచార్జీలు, ఆధార్ జిరాక్సులు, ఫోను వెనక తగిలించే రబ్బరు తొడుగులు. వీటన్నిటికీ కలిపి ఒక పేరంటూ ఉందా?

మొన్న ఒక రైతు వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"సామ్యేలన్నా, నీకాడ పాత సీడీలు ఉండాయంట గదా. ఒక కట్ట ఇయ్యి. సజ్జచేలో దారాలకు కట్టాల. చిలకలు శానా దిగతుండాయి."

"పాటలియ్యమంటావా, సినిమాలియ్యమంటావా?"

"ఏదైతే ఏంది? తళతళా మెరిస్తే చాలు."

"అయితే సీడీలెందుకు? నువ్వే పోయి నిలబడు. నీ మొహం చూస్తే చిలకలు మళ్ళీ ఈ మండలానికి రావు."

రైతు పగలబడి నవ్వుతూ పోయాడు. సామ్యేలు నవ్వలేదు. అలమరలో వరసగా పేర్చిన డిస్కులకేసి చూశాడు.

అతనిది దుత్తలూరు మెట్టలో ఒక ఊరి బయటి పాళెం. తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళు. దేవుడు మారాడు గాని టీ అంగట్లో గ్లాసు మారలేదు. ఊరివాళ్ళ గ్లాసు బల్ల మీద, వీళ్ళ గ్లాసు చూరులో. ఆ చూరులో గ్లాసు తీసుకుని తాగుతూ పెరిగినవాడు, ఇంటరు తప్పి, ఆత్మకూరులో కంప్యూటరు పని నేర్చుకుని, ఉదయగిరిలో ఈ గది అద్దెకు తీసుకున్నాడు. సీడీల గిరాకీ మంచి ఊపు మీదున్న రోజులవి. పెళ్ళి క్యాసెట్టును డీవీడీ చేయించుకోవాలన్నా, పండక్కి ప్లేయరు అద్దెకు కావాలన్నా, కొత్త పాటలు కావాలన్నా ఎంతటి ఆసామీ అయినా ఈ గది మెట్టు ఎక్కాల్సిందే. ‘ఏరా’ అనడానికి అలవాటుపడ్డ నోళ్ళు "ఏం సామ్యేలూ, కొత్తవేమన్నా వచ్చినాయా" అని మెత్తబడ్డాయి. అంతకన్నా ఎక్కువ మర్యాద ఎవరూ చేయలేదు గాని, అదైనా చేశారు. పాట చేత్తో పట్టుకునే వస్తువుగా ఉన్నన్నాళ్ళు దాన్ని అందించే చేతికి కూడా ఒక విలువ ఉండింది.

అతనేమీ సత్యసంధుడు కాడు. కొత్త సినిమాల దొంగ ప్రింట్లు అందరూ అమ్మారు, అతనూ అమ్మాడు. శిక్ష మాత్రం అందరికీ పడలేదు. ఒకనాడు పట్టపగలు పోలీసు జీపు వచ్చి అంగడి ముందర ఆగింది. డిస్కుల మీద బూట్లతో నడిచారు. కంప్యూటరు జీపులో వేశారు. బస్టాండులో జనమంతా చూస్తుండగా చెంప మీద కొట్టి, "ఒకడి సొత్తు దొంగిలించి అమ్ముకుంటావంట్రా?" అంటూ అతన్నీ జీపెక్కించారు. అదే నేరం చేసిన పెద్దింటి అంగళ్ళ జోలికి జీపు పోలేదు. అదేందయ్యా అని అడిగే మనిషీ లేడు.

దెబ్బ తగ్గిపోయింది గాని ఆ మాట తగ్గలేదు. ఒకడి సొత్తు. మరి మన సొత్తు ఏది? స్టేషన్ నుంచి వచ్చిన రోజు అతను పెళ్ళాంతో అదే అన్నాడు. "ఇంకోడి సొత్తు మనకెందుకు? మన పెద్దమ్మ నోట్లో ఉండాదే, అది తీద్దాం."

పెద్దమ్మ అంటే నాగులమ్మ, అతని తల్లికి అక్క. ఆదివారం ప్రార్థనకు పోతుంది, పేరేమో నాగులమ్మ. ఎవరన్నా ఆ మాటెత్తితే "పేరు మా యమ్మ పెట్టింది, పెరికేయను" అంటుంది. మెట్టలో వానలు ముఖం చాటేసిన ప్రతి ఏడూ ఆమె సంగం వైపు నాట్లకు దిగిపోయేది. పెన్నా ఆనకట్ట కింద కాలవ నీళ్ళతో నిగనిగలాడే మళ్ళు, మోకాలి దాకా బురద, పక్కన వరసగా ఆడవాళ్ళు. అక్కడ ఆమె కట్టిన పాట మొదలిది:

సంగం కాలవకు నీళ్ళొచ్చెనే అక్కా
మెట్టూరి కుండకు ఎప్పుడొస్తాయే
అన్నమంతా మన చేతి నారే అక్కా
అడుగంటు గంజైనా ఎవరిస్తారే

నాట్లలో పాట కట్టినవాళ్ళకు ఒక అలవాటుంది. ఆఖరి చరణంలో తమ పేరు కట్టేస్తారు. పాట పక్క ఊరి వరసలోకి పోయినా పేరు దాంతోపాటే పోతుంది. తెలియనివాళ్ళు కూడా ‘ఎవరో నాగులమ్మంట’ అనుకుంటూ నారు వేస్తారు. ఆమె కట్టిన పేరు ఇది:

దుత్తలూరు మెట్టలో పుట్టినదాన్నే
నడుమొంగి ఈ పాట కట్టినదాన్నే
నాగులమ్మని నన్ను తలవండే అక్కా
నా పేరు మరిచి పాట పాడొద్దే

ఆత్మకూరులో పెళ్ళి వీడియోలు తీసేవాడి గదిలో, కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి ఆ పాట రికార్డు చేశారు. నాగులమ్మ మైకు ముందు నిలబడింది. గొంతు రాలేదు. మళ్ళీ మళ్ళీ చూసినా అంతే.

"నిటారుగా నిలబడితే పాట యాడొస్తాదిరా అబ్బయ్యా? ఆ ఇనుప కడ్డీని కిందికి దించు" అంది.

మైకును మోకాలి ఎత్తుకు దించాక ఆమె నారు వేస్తున్నట్టు నడుం వంచింది. ఎడమ చేత్తో లేని నారు కట్ట పట్టుకుంది. పాట వచ్చింది. పెళ్ళి వీడియోలవాడు నోరు తెరుచుకుని విన్నాడు.

డిస్కు మీద ఆమె పేరు, ఊరు అచ్చేయించాడు సామ్యేలు. సంగం పోయే కూలీల ఆటోల్లో అది మోగింది. ఇంట్లో ప్లేయరు లేకపోయినా నాగులమ్మ ఒక డిస్కును బైబిలు పక్కనే పెట్టుకుంది.

తర్వాత ఫోన్లలో పెట్టుకునే మెమరీ చిప్పులు వచ్చాయి. ‘ఎక్కించడం’ అనే మాట వచ్చింది. చిప్పు తెచ్చి ఇస్తే కంప్యూటరులోంచి అందులోకి పాటలు పోసి ఇవ్వడం. ఉదయగిరి పక్క ఎక్కించడమంటే అదే. "నాట్ల పాటలు ఎక్కించు", "ఏసుపాటలు ఎక్కించు" అని ట్రాక్టరు డ్రైవర్లు, గొర్రెల కాపర్లు వచ్చేవాళ్ళు. వాళ్ళు వినడానికి ఎక్కించుకునేవాళ్ళు. అంతకు మించి ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని సామ్యేలుకు తెలియదు.

అలాంటి రోజుల్లోనే సందీప్ వచ్చాడు. ఆత్మకూరు రామనారాయణగారి అబ్బాయి. రామనారాయణకు సంగం కింద మాగాణి ఉంది, పార్టీలో పలుకుబడి ఉంది. మడి గట్టు మీద గొడుగేసుకుని నిలబడితే, ఆ మడిలో నాగులమ్మలాంటివాళ్ళు ఎందరో నడుం వంచినవాళ్ళే. సందీప్ కారు దిగకుండానే అద్దం దించి అడిగాడు.

"మా ట్రాక్టర్లో ఒక పాట మోగుతుండాది, సంగం కాలవకు నీళ్ళొచ్చెనే అని. నీదంట గదా?"

"మా పెద్దమ్మది బాబూ. ఆమే కట్టింది, ఆమే పాడింది."

"బ్రహ్మాండంగా ఉండాది. నేను ఎక్కించుకోవచ్చా?"

"ఎక్కించుకోండి బాబూ, దానికేం భాగ్యం!"

పెన్‌డ్రైవ్ అందుకుని, పాట పోసి, కారు దాకా పోయి ఇచ్చాడు. ఆనందపడ్డాడు కూడా. పెద్దింటి పిల్లాడు మా పాట వింటాడంట అని పెద్దమ్మకు కబురు పంపాడు.

ఆ తర్వాత నెట్టు చౌకైంది. పాటలు గాల్లో దొరకసాగాయి. ఎవరూ అంగడి మెట్టు ఎక్కలేదు. ఏ దొంగ ప్రింటు అమ్మినందుకు సామ్యేలు చెంప పగిలిందో, ఆ సినిమాలే చేతిలో ఫోన్లోకి ఎగబడి వచ్చాయి. టీ అంగట్లో నలుగురు కూర్చుంటే నాలుగు ఫోన్లు మోగుతాయి. ఎవడూ ఏ పాటనూ చివరిదాకా విననివ్వడు. నాలుగు దరువులు వినగానే బొటనవేలితో పైకి తోసేస్తాడు, ఎంగిలాకు తోసినట్టు. ఆ తోయడం చూస్తే సామ్యేలుకు కంపరం. అందుకే అంగట్లో ఫోన్లు బాగుచేస్తాడు గాని వాటిలో ఏం మోగుతోందో చెవినబెట్టడు.

ఈ ఏడు, జానపద కళాకారులకు గుర్తింపు కార్డులిస్తామని ఆత్మకూరుకు రమ్మన్నారు. కబురు తెలిసిన రోజు నుంచీ నాగులమ్మ నిలవలేదు. ఆమెకిప్పుడు నడుం నిలవదు, చూపు ఆనదు.

"నాకు కార్డుతో పనేంది అబ్బయ్యా? అన్నం పెడతాదా అది? ఈ పాట నాగులమ్మది అని ఊరివాళ్ళు గాక, పైవాళ్ళు ఒకరన్నా చెప్పాల. నేనుండగానే చెప్పాల. పోయినాక ఎవురు ఎవురికి చెప్తారు?" అంది.

ఉదయగిరిలో బస్సెక్కించుకుని పోయాడు. కల్యాణ మండపం నిండా చెక్కభజనవాళ్ళు, కీలుగుర్రాలవాళ్ళు, పులివేషాలవాళ్ళు. కుర్చీలన్నీ అధికారులకే, కళాకారులంతా నేల మీద. నాగులమ్మ వంతు వచ్చినప్పుడు సామ్యేలు డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. అధికారి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"దీన్ని ఎక్కడ పెట్టాలయ్యా? మా ల్యాప్‌టాప్‌కు నోరు లేదు."

"దాని మీద ఆమె పేరుండాది సార్."

"పేరు ప్రింటు ఎవరైనా కొట్టించుకుంటారు. నెట్‌లో ఉందా? లింకు కావాలి."

"నేను పాడతా సారూ" అని నాగులమ్మ నడుం వంచింది. ఏదో పడిపోయిందనుకుని పక్కనున్న ఉద్యోగి బల్ల కింద వెతికాడు. రెండు మూడు గొంతులు కిసుక్కుమన్నాయి. ఆమె పాడింది. గొంతు జీరపోయింది గాని పదం జారలేదు. అధికారి తల వంచుకుని ఫోన్లో వీడియోల యాప్ తెరిచి ఆ పదాలే కొట్టాడు.

ఫోన్లోంచి డప్పులు, కీబోర్డు, వాటి నడుమ అదే పాట బయటపడింది. పట్టు పరికిణీ కట్టిన పిల్ల ఒకతె, కాలికి మట్టంటకుండా గట్టు మీద గిరగిరా తిరుగుతోంది. గొంతు మాత్రం నాగులమ్మదే, బొంతలు కట్టిన గదిలో పాడిన గొంతు. మొదటి రెండు పాదాలే తిరిగి తిరిగి వస్తున్నాయి. గంజి మాట లేదు. పేరు చరణం అసలే లేదు. కింద ‘రచన, నిర్మాణం: సందీప్’ అని ఉంది. కోట్లమంది చూశారట.

"ఇది బాగా పేరున్న పాట కదమ్మా. వేరేవాళ్ళది పాడి కార్డు అడిగితే ఎట్లా?" అన్నాడు అధికారి, జాలిగానే.

"ఎవురిది నాయనా?" అంది నాగులమ్మ. వినపడక కాదు. ఆ మాట ఇంకోసారి అతని నోట అనిపించాలని.

"ఇక్కడ సందీప్ అని ఉంది."

"సందీపు ఏ మళ్ళో నారేసినాడు?"

మండపంలో కిసకిసలు ఆగిపోయాయి. అధికారి ఇంకొకర్ని పిలవమన్నాడు.

సామ్యేలు ఉదయగిరి వచ్చీ రాగానే మూలనున్న పాత కంప్యూటరు దుమ్ము దులిపి, డిస్కులోంచి పాట మొత్తం తీసి, పేరు చరణంతో సహా అదే యాప్‌లో పెట్టాడు. టీ తాగి వచ్చేలోపల దాన్ని తీసేశారు. ‘ఇది మరొకరి సొత్తు’ అని హెచ్చరిక. అతను ఆ అక్షరాల ముందు కూర్చుండిపోయాడు. బూట్లు లేవు, జీపు లేదు, చెంపదెబ్బ లేదు. మాట అదే. ఆనాడు నిజంగానే దొంగిలించాడు గనక తల వంచుకున్నాడు. ఈసారి ఇంట్లో సొమ్ము బయటికి తీసి చూపించినందుకు దొంగంటున్నారు. రోత పుట్టింది. అలాంటి రోత మనిషి మీద పుడితే మొహాన ఉమ్మొచ్చు. మిషను మీద పుడితే ఎక్కడ ఉమ్మాలి?

మరో రెండు రోజులకు పెద్దమ్మను తీసుకుని రామనారాయణ ఇంటికి పోయాడు. వసారాలో రామనారాయణ పేపరు చదువుతున్నాడు. సందీప్ ఫోన్లో ఉన్నాడు. వీళ్ళను ఎవరూ కూర్చోమనలేదు. నాగులమ్మ మెట్టు మీద కూలబడింది.

"ఏం సామ్యేలూ, యాప్‌లో ఏదో గలాటా చేస్తుండావంట?" అన్నాడు సందీప్. సామ్యేలు కన్నా ఇరవయ్యేళ్ళు చిన్న.

"ఆ పాట మాది గదా బాబూ. మీరు వింటారని ఇచ్చినాను."

"వినేదానికి ఇంత కథెందుకు? ఎక్కించుకోవచ్చా అని అడిగినా. ఎక్కించుకోండి అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను. చిప్పులోకి అనుకున్నా."

"చిప్పేంది! ఎక్కించడమంటే నెట్‌లోకి ఎక్కించడం. పాట రిజిస్టర్ కావాలంటే ఎవరో ఒకరి పేరుండాల గదా, నాది పెట్టినా. నేను ఎక్కించకపోతే ఈ పాట నీ అంగట్లో బూజు పట్టి ఉండేది."

రామనారాయణ పేపరు మడిచాడు. గొంతులో తేనె పోసుకున్నట్టు మాట్లాడాడు. "చూడు నాగులమ్మా, మన మళ్ళో పెరిగినదానివి. నీకు అన్యాయం జరగనిస్తానా? ఆ ఆఫీసర్‌కు నేను చెప్తా, రేపే కార్డొస్తాది. పాట ఊళ్ళో వాళ్ళందరిదీ, మా వాడు సేకరించినాడు అని నువ్వొక మాట వీడియోలో చెప్పు చాలు. సామ్యేలు ఆ గలాటా ఆపేస్తాడు."

సామ్యేలు పెద్దమ్మకేసి చూశాడు. ఒప్పుకుంటే బాగుండు అనే అనిపించింది. కార్డు ఇంటికొస్తుంది, ఆమె కళ్ళతో చూసుకుంటుంది. ఈ పెద్దింటితో పెట్టుకుని ఎవరు బాగుపడ్డారు? మెల్లగా వంగి, "పెద్దమ్మా, కార్డు మీద నీ పేరే ఉంటాది" అన్నాడు.

"కార్డు మీద నా పేరు, పాట మీద ఆయన పేరు" అంది నాగులమ్మ. "ఆ కార్డును ఏం చేసుకునేది? మెళ్ళో కట్టుకుని ఊరేగేదా?" తర్వాత రామనారాయణ వైపు తిరిగింది. "అయ్యా, ఊరందరి పాటయితే మీ యబ్బాయి పేరెందుకు పెట్టినారు? ఊరందరి పేర్లు పెట్టాల్సింది. మీ మళ్ళో పెరిగినానంటుండారు. నేను పెరగలా. నేను పెంచినాను, మీ మడిని."

"ముసలిదానివని ఊరుకుంటుండా" అన్నాడు రామనారాయణ. తేనె అయిపోయింది.

"ఊరుకోబాకండి. నా నోట్లోంచి పేరు కోసినారు గదా, ఇంకేం కోస్తారు?"

ఆమె గోడ పట్టుకుని లేచింది. ముంగిట్లోకి వచ్చి, శుభ్రంగా అలికి ముగ్గేసిన ఆ నేల మీద కాండ్రించి ఉమ్మేసి, వెనక్కి చూడకుండా నడిచింది. ఆ ముంగిట్లో వాళ్ళ పాళెం వాళ్ళు ఉమ్మడం సామ్యేలు ఎరుకలో లేదు.

అంగడికి వచ్చాక కంప్యూటరు ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఆ యాప్‌లో అభ్యంతరం చెప్పుకునే దారి ఒకటుంది. పాట ఎవరిదో రాయాలి, ఎప్పుడు రికార్డయిందో రాయాలి. అన్నీ రాశాడు. ఆఖరున ఒక మాట చూసి అతని చెయ్యి ఆగిపోయింది.

"ఏందిరా, ఆపినావు?"

"పెద్దమ్మా, ఇది నొక్కితే నీ పేరు, ఊరు, ఇంటి అడ్రసు వాళ్ళకు పోతాయంట. కోర్టుకు పోవాలన్నా పోతారు. వాళ్ళ నాయన మనుషులు ఇంటి మీదికొస్తారేమో. నా పేరు పెడతా, నాదైతే..."

"ఎవురికి పోతాయి?"

"ఆ సందీప్‌కు. ఫోనుకు."

"నా పేరు పోతాదా? నాగులమ్మ అనే పోతాదా?"

"అట్టానే పోతాది."

"పాట కింద?"

"ఆ. ఈ పాట నాగులమ్మది అని రాసినాను. దాని కిందనే నీ పేరు, పాళెం పేరు."

నాగులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కుర్చీలోనే నడుం కొంచెం ముందుకు వంచి, కనపడని అక్షరాల కేసి చూసింది.

"అయితే నొక్కరా" అంది. "వాళ్ళింట్లో చదవనీ."

సామ్యేలు నొక్కాడు.